నంది హిల్స్ దగ్గరే ఎందుకు ఆగిపోతున్నాం? ఎన్‌హెచ్ 44 పక్కన ఉన్న కథ

బెంగళూరులో ఉండే మన తెలుగోళ్లకి ఎన్‌హెచ్ 44 అంటే పండక్కి ఊరెళ్లే రోడ్డు, అంతే. హెబ్బాళ ఫ్లైఓవర్ దాటామంటే అనంతపురం దాకా లాగించేయడమే, మహా అయితే బాగేపల్లి దాటాక ఒక టీ. ఇంక వీకెండ్ డ్రైవ్ అంటే తెల్లారుజామునే నంది హిల్స్, మబ్బుల్లో సెల్ఫీలు, కిందకొచ్చి ఇడ్లీ తిని ఇంటికి. ఆ కొండ కిందే నంది ఊళ్లో తొమ్మిదో శతాబ్దం నాటి భోగనందీశ్వర గుడి ఉంది, పక్కనే అంత అందమైన కోనేరు, పైకెళ్లే జనంలో సగం మంది కూడా అటు తిరగరు.

నాకేమనిపిస్తుందంటే ఈ ఊళ్లని విడివిడి స్పాట్లుగా చూడ్డమే అసలు సమస్య, కలిపి చూస్తే అంతా ఒకటే కథ, పైగా మనం ఉత్తరానికి వెళ్లేకొద్దీ అది కాలంలో వెనక్కి వెళ్తుంది (నంది గుడి మాత్రం ఈ వరసకి లొంగదు, అది అన్నిటికన్నా పాతది).

మొదట దేవనహళ్లి. టిప్పు సుల్తాన్ పుట్టిన ఊరు, 1791లో బ్రిటిష్ వాళ్ల కార్న్‌వాలిస్ సైన్యం పట్టుకున్న కోట. హైదర్ అలీ కంటే ముందు అది ఆవతి అనే ఊరి పాలెగాళ్లది (రాజు కింద చిన్న ప్రాంతాలు ఏలే దొరలు), చిక్కబళ్లాపుర, దొడ్డబళ్లాపుర ఏలింది కూడా ఆ వంశం వాళ్లే. ఇంకాస్త ముందుకెళ్లి పెరేసంద్ర దగ్గర హైవే దిగితే గుడిబండె, ఇంకో పాలెగాడు బైరేగౌడ కట్టిన కొండకోట, కింద బైరసాగర చెరువు. మ్యాప్‌లో చూసి పెట్టుకోండి, మడకశిర దగ్గర మన ఆంధ్రా గుడిబండ ఇంకోటుంది. చెరువు నిండిన టైమ్‌లో పైనుంచి చూస్తే నంది హిల్స్ ఎందుకు వెళ్లామా అనిపిస్తుంది, కాకపోతే మధ్యాహ్నం ఎక్కితే బండ మీద కాళ్లు కాలిపోతాయి.

మరి ఇంతమంది పాలెగాళ్లు ఎక్కణ్ణుంచి వచ్చారు? జవాబు బోర్డర్ అవతల ఉంది. 1565లో తళ్లికోట యుద్ధం పోయాక విజయనగరం రాజధాని హంపి నుంచి పెనుకొండకి మారింది, పైన పట్టు సడలేకొద్దీ కింద ఎవరి కోట వాళ్లది అయిపోయింది. దేవనహళ్లి, గుడిబండె మాత్రమే చూసి వెనక్కొచ్చేస్తే సినిమా సెకండాఫ్ చూసొచ్చినట్టే.

ఫస్టాఫ్ లేపాక్షి. కొడికొండ చెక్‌పోస్ట్ దగ్గర పక్కకి తిరగాలి. అచ్యుతదేవరాయల కాలంలో, 1530ల్లో, పెనుకొండలో అధికారం చేసిన విరూపణ్ణ, వీరణ్ణ అన్నదమ్ములు కట్టించిన వీరభద్రస్వామి గుడి. ఇక్కడికొచ్చి మనం చేసేదేంటి, వేలాడే స్తంభం కింద కర్చీఫ్ దూర్చి వీడియో తీసుకోవడం, నంది దగ్గర ఫోటో, అయిపోయింది. తల పైకెత్తి మండపం కప్పు మీద బొమ్మలు చూసేవాళ్లు తక్కువ, అప్పటి జనం ఎలాంటి చీరలు కట్టారు, తలపాగాలు ఎలా చుట్టారు అన్నీ అక్కడే రంగుల్లో ఉన్నాయి. వెనకాల సగంలో ఆగిపోయిన కల్యాణ మండపం ఉంది, నా లెక్కలో గుడి మొత్తానికి అదే బెస్ట్, పూర్తయిన పనిలో కనపడని శిల్పుల పద్ధతి సగంలో ఆగిన పనిలో కనపడుతుంది. 2022లో ఈ గుడి యునెస్కో ప్రపంచ వారసత్వ తాత్కాలిక జాబితాలోకి ఎక్కింది, మంచిదే, కానీ అంత పేరున్న చోట కూడా జనం స్తంభం చూసి వెళ్లిపోతున్నారంటే చెప్పేవాళ్లు లేకనే.

పెనుకొండ పరిస్థితి ఇంకా ఘోరం. ఒకప్పటి రాజధాని ఇప్పుడు కియా కార్ల ఫ్యాక్టరీ ఊరిగానే తెలుసు అందరికీ. గగన్ మహల్, కోట గోడలు, బాబయ్య దర్గా అన్నీ ఒక్క ఊళ్లోనే ఉన్నాయి, హైవే మీద వంద స్పీడ్‌లో పోతే ఏం కనపడతాయి? రెండు రాష్ట్రాల టూరిజం వాళ్లు కూర్చుని దేవనహళ్లి నుంచి పెనుకొండ దాకా ఒకటే మ్యాప్ వేసి, తెలుగు, కన్నడ రెండిట్లో బోర్డులు పెట్టి, దారిలో శుభ్రమైన టాయిలెట్లు కట్టిస్తే చాలు, రోప్‌వేలూ లేజర్ షోలూ ఎవరూ అడగట్లేదు. వచ్చేవాళ్లు రెండు గంటలు ఎక్కువ ఉంటే హోటల్ వాడికీ ఆటో వాడికీ అక్కడే నాలుగు డబ్బులు.

ఒక్క రోజులో ఇవన్నీ అవ్వవు, అది నిజమే. ఏదో ఒకటి తీసేయాల్సొస్తే దేవనహళ్లి తీసేయండి, దాన్ని ఎవర్నైనా ఎయిర్‌పోర్ట్‌లో దింపడానికి వెళ్లినప్పుడు చూసుకోవచ్చు, పెనుకొండని మాత్రం తీయకండి.