ఆదివారం కోసం పుట్టిన పట్టణం

పట్టణాలు నది ఒడ్డునో, కోట చుట్టూనో, రైల్వే జంక్షన్ పక్కనో పుడతాయని చిన్నప్పుడు సాంఘికశాస్త్రం పుస్తకంలో చదువుకున్నాం. ఆ పుస్తకం రాసిన పెద్దలకు అమెరికాలో న్యూజెర్సీ రాష్ట్రం, క్యామ్డెన్ కౌంటీ, టావిస్టాక్ అనే బరో గురించి తెలిసినట్టు లేదు. 1921 ఫిబ్రవరిలో ఈ పట్టణం పుట్టింది, ఆదివారం పూట గోల్ఫ్ ఆడుకోవడానికి. బరో అంటే సొంత మేయరు, సొంత పన్నులు, సొంత నిబంధనలు ఉండే చిన్న మునిసిపాలిటీ. ఎంత చిన్నది కావచ్చు అనే ప్రశ్నకు టావిస్టాక్ ఇచ్చిన జవాబు: 2020 జనాభా లెక్కల్లో 9 మంది.

నవ్వకండి. 2010లో అక్కడ ఉన్నది 5గురే. పదేళ్లలో 80 శాతం వృద్ధి! ఈ లెక్కన పెరిగే మహానగరం ప్రపంచంలో ఎక్కడైనా ఉంటే నీళ్లు, డ్రైనేజీ, ట్రాఫిక్ అన్నీ కుప్పకూలేవి. టావిస్టాక్ మాత్రం ఆ ఒత్తిడిని నిబ్బరంగా తట్టుకుంది.

ఇంతకీ ఆ స్వాతంత్ర్య పోరాటం ఎలా మొదలైంది? పక్కనే హాడన్‌ఫీల్డ్ అనే పాత ఊరు ఉంది. క్వేకర్లు అనే క్రైస్తవ శాఖ వాళ్లు వేసిన ఊరు. అప్పటికే 1873 నుంచి అక్కడ మద్యం అమ్మకం ఉండేది కాదు. ఆదివారం దేవుడి రోజు కాబట్టి ఆటలూ ఉండేవి కావు. కొత్తగా పెట్టుకున్న గోల్ఫ్ క్లబ్బు సభ్యులకు ఇది ప్రాణసంకటమైంది. వారమంతా సంపాదనతో తీరిక ఉండదు, ఆదివారం తీరిక ఉంటే ఆడనివ్వరు. సామాన్యుడైతే ఏం చేస్తాడు? మానేస్తాడు, లేదా చాటుగా ఆడి దొరికితే జరిమానా కడతాడు. క్లబ్బు పెద్దలు అలాంటి చట్టవ్యతిరేక పనులు చేసే రకం కాదు. చట్టాన్ని అతిక్రమించలేదు, కాళ్ల కింద నేలనే వేరే ఊరు చేసేసుకున్నారు. రాష్ట్ర శాసనసభ అందుకోసం ప్రత్యేకంగా ఒక చట్టం కూడా చేసిపెట్టింది.

బోస్టన్ తిరుగుబాటుదారులు 1773లో టీ పెట్టెలు సముద్రంలో పారేశారని చరిత్ర గొప్పగా చెప్పుకుంటుంది. టావిస్టాక్ యోధులు నీళ్లలో పారేసుకున్నది బంతులే, అదీ పొరపాటున. ఒక్క తూటా పేలకుండా ఆదివారం విముక్తమైంది. దీనికి ఎక్కడా ఒక విగ్రహం లేకపోవడం నాకు బాధాకరం.

ఇక పరిపాలన. ఎన్నికైన ముగ్గురు కమిషనర్లు బరోను నడపాలని అక్కడి విధానం. 2010 జనాభాకు దీన్ని అన్వయించి చూడండి. పాలించేవారు ముగ్గురు, పాలితులు ఇద్దరు. ప్రజల్లో 60 శాతం మంది ప్రభుత్వంలో ఉండటమన్నది ఏథెన్స్‌కు కూడా సాధ్యపడలేదు. ఆ మిగిలిన ఇద్దరూ ఒక వారం ఊరెళ్తే ప్రభుత్వం ఎవరిని పాలించాలన్నది రాజ్యాంగ నిపుణులు తేల్చాల్సిన విషయం. గోల్ఫ్ కోర్సులో, అంటే ఆట మైదానంలో, గుంటలు 18. అంటే అప్పట్లో తలకు మూడున్నర గుంటలకు పైగా ఉండగా, 2020 నాటికి అది రెండుకు పడిపోయింది. అభివృద్ధి జరిగిన చోటల్లా సామాన్యుడి వాటా తగ్గుతుందనడానికి ఇంతకంటే రుజువేం కావాలి?

టావిస్టాక్‌కు ఒక విద్యా జిల్లా, అంటే బడుల్ని చూసుకునే స్థానిక సంస్థ, కూడా ఉండేది. బడి మాత్రం లేదు. న్యూజెర్సీలో ఇలా బడి నడపని విద్యా జిల్లాలు ఇంకా చాలా ఉండేవి. చివరికి రాష్ట్ర ప్రభుత్వం వాటిని రద్దు చేసి పక్క జిల్లాల్లో కలిపేసింది. టావిస్టాక్‌ను ఎందులో కలిపిందంటే, హాడన్‌ఫీల్డ్‌లో. ఆదివారం కోసం తండ్రులు తప్పించుకున్న ఊరికే సోమవారం నుంచి శుక్రవారం దాకా పిల్లలు వెళ్లాలి. పిల్లలంటూ ఉంటే.

జనాభా శాస్త్రవేత్తలు ఈ బరో మీద పెద్దగా దృష్టి పెట్టకపోవడం విచిత్రం. 2000లో ఇక్కడ 24 మంది ఉన్నారు. పదేళ్లలో 5కు పడిపోయింది. ఇంతటి పతనానికి చరిత్రలో కరువో, ప్లేగో, యుద్ధమో కారణం అవుతుంది. ఇక్కడ నాలుగైదు కుటుంబాలు ఇల్లు మారితే చాలు. పైగా 2020 నాటి ఆ 9 మీద నాకు కొంచెం అనుమానం ఉంది. మనుషుల వివరాలు బయటపడకుండా అమెరికా సెన్సస్ బ్యూరో ఈసారి రాష్ట్రం మొత్తం జనాభాను మాత్రం ఉన్నదున్నట్టు ఇచ్చి, అంతకంటే చిన్న ప్రాంతాల అంకెలను కావాలనే కాస్త అటూ ఇటూ జరిపింది. కోటి మంది ఉన్న చోట ఇద్దరు ముగ్గురు అటూ ఇటూ అయితే ఎవరూ పట్టించుకోరు. టావిస్టాక్‌లో ఇద్దరు ముగ్గురంటే మొత్తం ప్రభుత్వం.

ఈ వెర్రి ఒక్క గోల్ఫ్ వాళ్లదే అనుకుంటే పొరపాటు. 1894లో న్యూజెర్సీ ఒక చట్టం తెచ్చింది. ఒక్కో టౌన్‌షిప్ (ఇది ఇంకో రకం మునిసిపాలిటీ) మొత్తం ఒకే విద్యా జిల్లా కావాలని, బడుల అప్పులూ పన్నులూ అందరూ కలిసి మోయాలని దాని ఉద్దేశం. అయితే బరోకు మాత్రం సొంత జిల్లా ఉండొచ్చు. పక్క ఊరి బడికి మనమెందుకు కట్టాలి అన్న మహత్తర ఆశయంతో బెర్గెన్ కౌంటీలో ఆ ఒక్క ఏడాదే రెండు డజన్లకు పైగా బరోలు పుట్టుకొచ్చాయి. అదే కౌంటీలో 1917లో పుట్టిన టెటర్‌బరో 1937లో ఒక విమాన విడిభాగాల కంపెనీ పేరు మీద బెండిక్స్‌గా మారి, 1943లో మళ్లీ పాత పేరుకే వచ్చింది. దాని 2020 జనాభా 61. విమానాశ్రయానికి మాత్రం లోటు లేదు.

ఆ కౌంటీలోనే పెరామస్ అనే బరో ఉంది. పెద్ద పెద్ద మాల్స్‌కు పేరు. న్యూజెర్సీలో కొత్తగా దిగిన మనవాళ్లు ఆదివారం బట్టలు కొందామని కుటుంబసమేతంగా అక్కడికి వెళ్లి, ఖాళీ పార్కింగ్ చూసి తిరిగొస్తుంటారు. అక్కడ ఆదివారం బట్టల అమ్మకం ఇప్పటికీ నిషేధమే. బంతి కొట్టేవాళ్లు ఆదివారాన్ని 1921లోనే గెలుచుకున్నారు, చొక్కా కొనేవాళ్లు ఇంకా శనివారమే వెళ్లాలి.

రాష్ట్రంలో ఇలాంటి మునిసిపాలిటీలు మొత్తం 564. దాదాపు ప్రతిదానికీ ఒక క్లర్కు, ఒక లాయరు, ఒక ఆడిటరు. ఇళ్ల మీద పన్ను దేశంలోకెల్లా ఎక్కువగా ఇక్కడే ఎందుకుందని ప్రతి ఎన్నికలోనూ ఆశ్చర్యపోవడం ఆ రాష్ట్రంలో ఆనవాయితీ. అప్పుడప్పుడు విలీనాలూ జరుగుతాయి. ప్రిన్స్‌టన్ బరో, ప్రిన్స్‌టన్ టౌన్‌షిప్ 2013లో ఒక్కటయ్యాయి. 2022లో పైన్ వ్యాలీ అనే బరో పక్కనున్న పైన్ హిల్‌లో కలిసిపోయింది. పైన్ వ్యాలీ కూడా 1929లో ఒక గోల్ఫ్ క్లబ్బు కోసమే పుట్టింది. ప్రపంచంలోకెల్లా గొప్ప కోర్సుల్లో ఒకటని గోల్ఫ్ పత్రికలు మెచ్చుకునే క్లబ్బు. ఆడవాళ్లకు సభ్యత్వం ఇవ్వాలని 2021లో తీర్మానించింది, అంటే తొందరపడలేదన్నమాట. 2020లో ఆ బరో జనాభా 21. టావిస్టాక్ కంటే రెట్టింపు కన్నా ఎక్కువ ఉన్నది మాయమైంది, 9 మంది ఉన్నది నిలబడింది. బలవంతుడే బతుకుతాడన్న వాదానికి ఇక్కడ కాలం చెల్లింది.

కాబట్టి న్యూజెర్సీలోని ఎడిసన్, చుట్టుపక్కల ఊళ్లలో ఆదివారం క్రికెట్ కోసం పార్కు పర్మిట్ల చుట్టూ తిరిగే తెలుగు సోదరులకు నాదొక సూచన. ఇంకా ఎన్నాళ్లీ బానిసత్వం? పిచ్ సరిపడా స్థలం చూసుకుని ఒక బరో పెట్టుకోండి. జట్టులో 11 మంది, టావిస్టాక్ కంటే ఇద్దరు ఎక్కువే. ముగ్గురు సీనియర్లు కమిషనర్లు, పన్నెండో ఆటగాడు క్లర్కు. శాసనసభ చేత చట్టం చేయించాలి, అంతే. అందుకు 1921 నాటి క్లబ్బు పెద్దలకున్నంత పరపతి కావాలంటారా? అయితే వచ్చే ఆదివారానికి కూడా పర్మిట్ తీసుకునే ఉంచండి.