ఆ శాతం ఎవరిది: బడిదా, ఇంటిదా?

టెన్త్ ఫలితాలు వచ్చిన మర్నాటికల్లా తిరుపతి కూడళ్లలో ప్రైవేటు స్కూళ్ల ఫ్లెక్సీలు లేస్తాయి. కొర్లగుంట, జీవకోన లాంటి పేటల పిల్లలు చదివే మున్సిపల్ హైస్కూళ్లకు ఫ్లెక్సీ ఉండదు, పాసైన శాతం ఒకటుంటుంది. అది చూసి ‘అక్కడ చెప్పేవాళ్లు లేరు’ అని తేల్చేస్తాం. నాకు ఆ తీర్పు మీదే అనుమానం.

రాష్ట్రం లెక్కే చూడండి. 2022లో టెన్త్ పాసైంది 67.26 శాతం. 2024లో 86.69. రెండేళ్లలో అయ్యవార్లు అంతగా మారిపోయారా? 2022లో పరీక్ష రాసినవాళ్లు ఎనిమిదో తరగతి చివర్లో కరోనాకు చిక్కి, తొమ్మిదిలో కొన్ని నెలలు ఫోన్లలో పాఠాలు విన్న పిల్లలు. ఇంటికంతా ఒకటే ఫోను, అదీ నాన్న జేబులో ఉంటే ఏం వింటారు?

ఈ పేటల్లో కొండ మీదికి పనికి పోయే కాంట్రాక్టు కార్మికులు, ఆటో తోలేవాళ్లు, లాడ్జీల్లో గదులు ఊడ్చేవాళ్లు ఎక్కువ. తెల్లవారకముందే షిఫ్టు. తమిళుల పెరటాసి నెలలో (సెప్టెంబరు-అక్టోబరు) తమిళ భక్తుల రద్దీకి ఇల్లు చేరే వేళే ఉండదు. పిల్లోణ్ని లేపి బడికి తోలేది అవ్వో, అక్కో. బాడుగ పెరిగితే ఇల్లు మారుతుంది, ఇంటితోపాటే బడీ. కొందరికి ఇంట్లో మాట తమిళం, బళ్లో తెలుగు, పాఠ్యపుస్తకంలో ఒక పేజీ తెలుగు, పక్క పేజీ ఇంగ్లీషు.

పిల్లల్ని బడికి పంపే తల్లులకు ప్రభుత్వం డబ్బిచ్చే పథకాలు, 2020లో మొదలైన అమ్మఒడి గానీ, 2025లో వచ్చిన తల్లికి వందనం గానీ, ప్రైవేటులో చదివే పిల్లలకూ వర్తించాయి. కాస్త ఓపికున్న ఇల్లు ఆ డబ్బుకు ఇంకొంత కలిపి కాన్వెంటు దారి పడుతుంది. (తప్పు పట్టను, నేనైనా అంతే చేస్తాను.) అక్కడ చదువు ఎక్కని పిల్లోడు తొమ్మిదిలో టీసీతో వెనక్కొస్తే చేర్చుకునేది మళ్లీ మున్సిపల్ బడే. వాడు టెన్త్ తప్పితే పడిపోయేది ఈ బడి శాతమే.

బడికి తప్పే లేదనను. ఆరులో చేరినప్పుడు వాక్యం కూడబలుక్కున్న పిల్ల తొమ్మిదిలోనూ అలాగే చదువుతుంటే అయ్యవార్లే జవాబు చెప్పాలి. అందుకైనా అధికారులు ఫలితాల పట్టికలో మరో మూడు గడులు గీయాలి: ఆరులో ఎందరు చేరారు, వాళ్లలో పది దాకా ఎందరు నిలిచారు, మధ్యలో టీసీతో ఎందరొచ్చారు. దీనికి కొత్త సర్వే అక్కర్లేదు, అడ్మిషన్ రిజిస్టరు హెడ్మాస్టరు బీరువాలోనే ఉంది.