ఊపిరితో బేరమా?

పసివాడి గొంతుకు ద్రాక్షపండు అడ్డం పడుతుంది. తల్లి కేక పెడుతుంది. తండ్రి అల్మారాలోంచి మాస్కు బిగించిన ప్లాస్టిక్ పంపు ఒకటి తెచ్చి, బిడ్డ ముక్కూ నోరూ కప్పేలా అదిమి ఒక్కసారి పైకి గుంజుతాడు. పండు ఊడి పడుతుంది, బిడ్డ ఏడుస్తాడు, తల్లి గుండెలకు హత్తుకుంటుంది. ఆ వెంటనే 'ఇప్పుడే కొనండి' అనే మీట. కొన్నాళ్లుగా పసిపిల్లలున్న ఇళ్లలో ఫోన్ తెరిస్తే ఇలాంటి వీడియోలే. కొనమంటారా, వద్దంటారా అని మా పాఠకులు అడుగుతున్నారు. మేము అడుగుతున్నది వేరు. ప్రాణం నిలబెడుతుందని చెప్పి అమ్ముతున్న ఈ వస్తువును ఎవరు పరీక్షించారు?

ఆ భయం ఉత్తది కాదు. 2022లో వరంగల్‌లో చాక్లెట్, 2024లో సికింద్రాబాద్‌లో బడిలో భోజన వేళ పూరీ గొంతుకడ్డుపడి పిల్లలు పోయారు. అదే ఏడాది కేరళలో ఓనం వేళ ఇడ్లీలు తినే పోటీలో పెద్దవాడే పోయాడు. వేరుశెనగ పలుకు, సీతాఫలం గింజ, చింతగింజ ఊపిరిగొట్టంలోకి పోయిన పిల్లలకు గొట్టం దింపి వాటిని బయటికి తీసే బ్రాంకోస్కోపీ చేయడం మన ఆసుపత్రులకు కొత్త కాదు. ఆ వార్తలు చదివిన తల్లి నిద్రపోదు. సరిగ్గా ఆ నిద్రలేని తల్లినే ఈ ప్రకటనలు వెతుక్కుంటూ వస్తున్నాయి.

అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ 2024 ఏప్రిల్‌లోనే ప్రజలను హెచ్చరించింది. ఈ పరికరాల భద్రత గానీ, పనితనం గానీ నిరూపణ కాలేదని, అప్పటికి తాము వీటికి అనుమతి ఇవ్వలేదని చెప్పింది. లాగే బలం చాలక అడ్డు తొలగకపోవడం, పెదాల చుట్టూ కమిలిపోవడం, గొంతు వెనుక గీరుకుపోవడం వంటి ఫిర్యాదులు తమకు అందాయంది. ముందు దీన్ని వెతుక్కుంటూ కూర్చుంటే అసలు చేయాల్సిన ప్రథమ చికిత్స ఆలస్యమవుతుందనీ హెచ్చరించింది. అదే ఏడాది డిసెంబరులో బ్రిటన్ నియంత్రణ సంస్థ నకిలీ, పేరూ ఊరూ లేని పరికరాల గురించి ఇంకా గట్టిగా చెప్పింది. అవి అడ్డును తీయకపోగా మరింత లోపలికి నెట్టేయవచ్చని. అసలు సిసలు కంపెనీలవే అప్పటికి సందేహంలో ఉంటే, ఎక్కడ తయారయ్యాయో తెలియని నకళ్ల మాటేమిటి? ఆన్‌లైన్ సంతలో ఒకే ఆకారంలో పదిరకాల పేర్లతో, వందల రూపాయల నుంచి వేల దాకా ధర కట్టి పెట్టినవాటిలో ఏది అసలో, ఏది నకలో ఆ తల్లి ఎలా తేల్చుకోవాలి?

వీటివల్ల బతికి బయటపడ్డవారు ఉన్నారని, చక్రాల కుర్చీలో ఉన్నవారికి, ఇంట్లో ఒంటరిగా ఉండేవారికి మరో దారి లేదని తయారీదారులు అంటారు. కొందరు బతికి ఉండవచ్చు. కానీ అచ్చయిన ఉదంతాల్లో చాలావాటికి ఆధారం ఆ కంపెనీలు పోగేసుకున్న సమాచారమే. బతికిన బిడ్డ తల్లి ఐదు నక్షత్రాలు ఇస్తుంది. బిడ్డను పోగొట్టుకున్న తల్లి ఏమీ రాయదు. నక్షత్రాల లెక్క పరీక్ష కాదు.

ఊపిరి పూర్తిగా ఆగితే మెదడుకు మిగిలే వ్యవధి నాలుగైదు నిమిషాలు. అందులో పెట్టె ఎక్కడుందో గుర్తు తెచ్చుకోవాలి, విప్పాలి, సరిపోయే మాస్కు బిగించాలి, గింజుకుంటున్న బిడ్డ ముఖం మీద గాలి చొరకుండా అదమాలి. పెళ్లి పంక్తిలో కొరపోతే? బస్సులో? బడిలో? చేతులు మాత్రం ఎప్పుడూ మన దగ్గరే ఉంటాయి. అమెరికా వైద్యుడు హెన్రీ హైమ్లిక్ 1974లో లోకానికి చెప్పిన, పొట్ట మీద కుదిపి అడ్డు తీసే పద్ధతికి రెండు చేతులు తప్ప మరేమీ అక్కర్లేదు. ఆయన తొంభై ఆరో ఏట, 2016లో, తానుంటున్న వృద్ధుల నివాసంలో పక్కన కూర్చుని తింటున్న ఆవిడను ఆ చేతులతోనే కాపాడారు.

మనకు ఆ చేతుల వాడకం నేర్పినవారేరీ? పొలమారితే నెత్తిన తట్టి, ఎవరో తలుచుకుంటున్నారంటాం. గొంతుకడ్డం పడితే నీళ్లు తాగిస్తాం, అన్నం ముద్ద మింగమంటాం, కనిపించని దాని కోసం గొంతులో వేలు పెట్టి కెలుకుతాం. చేప ముల్లుకూ ఊపిరి ఆగిపోవడానికీ తేడా తెలియక చేసే పనులివి. దగ్గగలుగుతుంటే దగ్గనివ్వాలి. దగ్గలేక, మాట పెగలక, గొంతు పట్టుకుంటుంటే ముందుకు వంచి, రెక్కల ఎముకల మధ్య అరచేతి అడుగు భాగంతో అయిదుసార్లు గట్టిగా చరవాలి. పోకపోతే వెనుక నుంచి చుట్టిపట్టి, బొడ్డుకు కాస్త పైన పిడికిలి ఆనించి, లోపలికీ పైకీ అయిదుసార్లు కుదపాలి. అడ్డు పోయేదాకా ఒకటి తర్వాత ఒకటి. ఏడాది లోపు పసికందుకు పొట్ట మీద నొక్కకూడదు. తల కిందికి ఉండేలా ముంజేతి మీద బోర్లా వేసుకుని వీపున చరచడం, తిప్పి ఛాతీ మీద నొక్కడం. నిండు గర్భిణికీ పొట్ట బదులు ఛాతీయే. స్పృహ తప్పితే ఛాతీ నొక్కుతూ ఊపిరి ఊదే సీపీఆర్. ఈలోగా ఎవరో ఒకరు 108కి ఫోన్ చేయాలి. ఇది నేర్చుకోవడానికి రూపాయి ఖర్చు లేదు. అందుకే దీనికి ప్రకటనలూ లేవు.

ఇక మన చట్టం సంగతి. 2020 ఏప్రిల్ 1 నుంచి దేశంలో వైద్య పరికరాలన్నీ ఔషధ చట్టం పరిధిలోకి వచ్చాయి. తక్కువ ప్రమాదమున్న తరగతులకు 2022 అక్టోబరు నుంచి, ఎక్కువ ప్రమాదమున్న తరగతులకు 2023 అక్టోబరు నుంచి లైసెన్సు నిబంధన అమలైంది. జ్వరం చూసే థర్మామీటరు, రక్తపోటు చూసే మిషను కూడా నియంత్రణలో ఉన్నాయి. ఆగిన ఊపిరిని తిరిగి తెస్తానని చెప్పుకునే పరికరం వైద్య పరికరం కాకపోతే మరేది? అమ్మేటప్పుడు ప్రాణదాత, లైసెన్సు అడిగితే ప్లాస్టిక్ సామాను అనడానికి వీల్లేదు. కేంద్ర ఔషధ ప్రమాణాల నియంత్రణ సంస్థ నోరు విప్పాలి. ఇక్కడ అమ్ముడవుతున్న వీటిలో దేనికి లైసెన్సు ఉంది? దేన్ని, ఎవరు, ఎక్కడ పరీక్షించారు?

చేతకాదని చెప్పడానికి లేదు. సీటు బెల్టు పెట్టుకోకపోయినా కారులో హెచ్చరిక మోగకుండా నొక్కిపెట్టే క్లిప్పులను 2023లో కేంద్ర వినియోగదారుల పరిరక్షణ ప్రాధికార సంస్థ ఈ-కామర్స్ వేదికల నుంచి పీకించింది. 13,118 ప్రకటనలు తొలగించారు. తప్పుదారి పట్టించే ప్రకటనకు పది లక్షలు, మళ్లీ చేస్తే యాభై లక్షల దాకా జరిమానా వేసే అధికారం 2019 చట్టం దానికిచ్చింది. క్లిప్పు కనబడిన కళ్లకు ఇది కనబడదా? మేము మధ్యవర్తులం మాత్రమే అనే వేదికల పాత పాట ఇక్కడ చెల్లదు. కమిషను పుచ్చుకుని, జాబితాలో పైన చూపించి, గోదాము నుంచి ఇంటికి చేర్చేవాడు మధ్యవర్తి ఎలా అవుతాడు?

ఈ ఒక్క పరికరంతో ఆగితే మేమింత గొంతు చించుకోనక్కర్లేదు. ముందు అమ్మకం, తర్వాత పరీక్ష అన్న పద్ధతిని ఇవాళ ఊపిరి విషయంలో ఒప్పుకుంటే రేపు గుండెపోటుకూ ఇలాంటి మిషన్లే వస్తాయి. అవీ వీడియోలతోనే వస్తాయి, అవీ తల్లుల భయం మీదే అమ్ముడవుతాయి. అప్పుడు అడ్డుకోబోతే, దీన్ని వదిలారు కదా అంటారు. పరీక్షలో నెగ్గితే అమ్ముకోనివ్వండి, చేతులతో చేయాల్సింది చేశాకే వాడాలని పెట్టె మీద తెలుగులో రాయించండి. పరీక్షే లేకుండా మాత్రం కుదరదు.

రాష్ట్రాల వంతూ ఉంది. 2023లో తెలంగాణ సీపీఆర్ శిక్షణను పెద్ద ఎత్తున మొదలుపెట్టింది, ఫొటోలు ఘనంగా వచ్చాయి. రెండు తెలుగు రాష్ట్రాల్లో అన్నం వడ్డించే ప్రతి అంగన్‌వాడీ టీచరుకూ, ఆయాకూ, మధ్యాహ్న భోజన కార్మికురాలికీ వీపు మీద అయిదు దెబ్బలు ఎలా వేయాలో ఎప్పుడు నేర్పుతారు? అరగంట పని. బొమ్మ కూడా అక్కర్లేదు, దిండు చాలు. ఆ అరగంట ప్రభుత్వాలు ఇవ్వలేదు గనుకనే ఆ ఖాళీలోకి అంగడి వచ్చి కూర్చుంది. మంత్రులూ అధికారులూ మరో బిడ్డ పోయాక పరామర్శకు బయల్దేరే ముందు, ఆ బడిలో వడ్డించిన ఆయాకు నేర్పారో లేదో కనుక్కుని వెళ్లండి.