తేనె, నిమ్మ, పసుపు, వెల్లుల్లి: ఆ ఫార్వర్డ్‌లో లేని కొలతలు

"వంటింట్లో ఉన్నవి వాడుకోవడం తెలిస్తే మందుల షాపు గడప తొక్కక్కర్లేదు" అని మొదలయ్యే సందేశం ఒకటి ఏళ్ల తరబడి ఫోన్లలో తిరుగుతోంది. మాటలు మారుతుంటాయి, సరుకు మాత్రం ఒకటే. దగ్గుకు తేనె, ఏ వయసు బిడ్డకైనా నాకించొచ్చు. పొద్దున్నే వేడినీళ్లలో నిమ్మరసం, రక్తంలో ఆమ్లం పోతుంది, కొవ్వు కరుగుతుంది, జలుబు దరిచేరదు. మిరియాలు వేసిన పసుపు పాలు, ఏ ఇన్ఫెక్షనైనా తగ్గిపోతుంది. విరేచనాలకు ఉప్పు, పంచదార కలిపిన నీళ్లు, అవి లేకపోతే కూల్‌డ్రింకు. కడుపులో మంటకు చల్లటి పాలు, వాంతులకు అల్లం. చివరగా బీపీకి పచ్చి వెల్లుల్లి, ఇక మాత్రతో పనిలేదు.

ఇందులో శుద్ధ అబద్ధాలు తక్కువే. అందుకే దీన్ని కొట్టిపారేయడం కష్టం, నమ్మడం తేలిక. చాలా వాక్యాల్లో సగం నిజం ఉంది. అయితే ఎవరికి, ఎంత, ఎప్పటిదాకా అన్న మూడు ప్రశ్నలకు ఎక్కడా జవాబు లేదు. దెబ్బ తగిలేది అక్కడే.

"దగ్గుకు తేనె, ఏ వయసు వాళ్లకైనా"

దగ్గుకు తేనె అన్నంతవరకు సరైనదే. జలుబుతో వచ్చిన దగ్గు రాత్రిపూట పిల్లల్ని పడుకోనివ్వకపోతే, నిద్రకు అరగంట ముందు ఇచ్చిన తేనె దగ్గును కొంత తగ్గిస్తుందని క్లినికల్ పరీక్షల్లో కనిపించింది. షాపులో అమ్మే చాలా దగ్గు సిరప్‌లకు పిల్లల విషయంలో ఆ మాత్రం ఆధారం కూడా లేదు. ఏడాది నిండి ఆరేళ్లలోపు వాళ్లకు అర టీస్పూను, ఆరు నుంచి పదకొండేళ్ల వాళ్లకు ఒక టీస్పూను, ఆ పైవాళ్లకు రెండు టీస్పూన్లు చాలు. గోరువెచ్చని నీళ్లలో కలిపినా సరే, ఊరికే నాకించినా సరే. తర్వాత పళ్లు తోమించడం మరిచిపోకూడదు. ఇంకో మాట: తేనె కూడా చక్కెరే. ఒక్కో టీస్పూనులో దాదాపు ఆరు గ్రాములు ఉంటుంది. షుగర్ ఉన్నవాళ్లు దాన్ని లెక్కలో వేసుకోవాలి.

ఏ వయసుకైనా అన్న మాట మాత్రం ప్రమాదకరం. పన్నెండు నెలలు నిండని బిడ్డకు తేనె ఒక్క చుక్క కూడా పట్టకూడదు. క్లోస్ట్రీడియం బాట్యులినం అనే బ్యాక్టీరియా స్పోర్లు, అంటే దాని నిద్రాణ రూపాలు, తేనెలో ఉండొచ్చు. పెద్దవాళ్ల పేగుల్లో స్థిరపడిన సూక్ష్మజీవులు వాటిని మొలకెత్తనివ్వవు. పసిబిడ్డ పేగుల్లో ఆ రక్షణ ఇంకా ఏర్పడదు. దాంతో అవి అక్కడే పెరిగి, నరాలు కండరాలకు పంపే సంకేతాన్ని ఆపేసే విషాన్ని తయారు చేస్తాయి. 1976లో గుర్తించిన ఈ జబ్బు పేరు ఇన్‌ఫాంట్ బాట్యులిజం. తరచుగా మొదట కనిపించేది మలబద్ధకం. అందుకే ఎవరికీ అనుమానం రాదు. తర్వాత ఏడుపు సన్నబడుతుంది, పాలు పీల్చే బలం తగ్గుతుంది, కనురెప్పలు వాలిపోతాయి, మెడ నిలబడదు. ముదిరితే ఊపిరి తీసుకునే కండరాలు కూడా పడిపోతాయి.

"మరిగించి ఇస్తే సరి" అనే సలహా కూడా దీని వెంటే తిరుగుతుంటుంది. వంద డిగ్రీల వేడికి విషం నశిస్తుంది గానీ స్పోర్లు నశించవు. వాటికి ఒత్తిడిలో 121 డిగ్రీల వేడి కావాలి. పాల పీకకు రాసినా, నాలుకకు తాకించినా తేనె తేనే.

"నిమ్మరసం రక్తంలో ఆమ్లాన్ని తీసేస్తుంది, జలుబు రానివ్వదు"

ఆమ్లత్వాన్ని చెప్పే అంకె పీహెచ్; అది తగ్గేకొద్దీ ఆమ్లం ఎక్కువ. రక్తం పీహెచ్ 7.35 నుంచి 7.45 మధ్య ఉంటుంది. ఊపిరితిత్తులు కార్బన్ డయాక్సైడ్‌ను బయటికి పంపుతూ, మూత్రపిండాలు ఆమ్లాన్ని వదిలిస్తూ దాన్ని ఆ గీత దాటనివ్వవు. ఒక గ్లాసు పానీయానికి అది కదిలే పరిస్థితి ఉంటే మనిషి ఇంట్లో ఉండడు, ఐసీయూలో ఉంటాడు. ఈ పుకారు ఎక్కడ పుట్టిందో ఊహించడం కష్టం కాదు: నిమ్మలోని సిట్రేట్ వల్ల మారేది మూత్రం పీహెచ్. కొన్ని రకాల కిడ్నీ రాళ్లు మళ్లీ రాకుండా చూసుకునేవాళ్లకు అది నిజంగానే పనికొస్తుంది. మూత్రంలో కనిపించిన మార్పును రక్తానికి అంటగట్టారు. ఇక కొవ్వు కరగడం అనేది ఉత్త మాట. తీపి కూల్‌డ్రింకు మానేసి ఆ స్థానంలో నిమ్మనీళ్లు తాగితే బరువు తగ్గొచ్చు, కానీ ఆ ఘనత మానేసిన పంచదారది.

జలుబు సంగతి కొంచెం లోతుగా చూడాలి. విటమిన్ సి పెద్ద మోతాదులో తీసుకుంటే జలుబు రాదని 1970లో అమెరికా రసాయన శాస్త్రవేత్త లైనస్ పాలింగ్ పుస్తకం రాశారు. రెండు నోబెల్ బహుమతులు అందుకున్న మనిషి కాబట్టి ప్రపంచం నమ్మింది. ఆ తర్వాత దశాబ్దాల పాటు జరిగిన పరీక్షలన్నీ కలిపి చూస్తే తేలింది వేరు. రోజూ 200 మిల్లీగ్రాములు, ఆపైన తీసుకున్నా మామూలు జనానికి జలుబులు రావడం తగ్గలేదు. వచ్చిన జలుబు మాత్రం పెద్దల్లో 8 శాతం, పిల్లల్లో 14 శాతం త్వరగా తగ్గింది. వారం ఉండే జలుబు పెద్దల్లో ఓ అర రోజు, పిల్లల్లో ఓ రోజు ముందు పోతుందన్నమాట. ముక్కు కారడం మొదలయ్యాక వేసుకుంటే నమ్మదగ్గ ఫలితమేదీ కనిపించలేదు. మారథాన్ పరుగు, విపరీతమైన చలిలో కఠిన శ్రమ లాంటివి చేసేవాళ్లకు మాత్రం జలుబులు దాదాపు సగమయ్యాయి.

పైగా ఒక నిమ్మకాయ రసంలో ఉండేది సుమారు 20 మిల్లీగ్రాములు. ఒక జామపండులో వంద పైనే ఉంటుంది. నిమ్మ తన ఘనతను 1747లోనే చాటుకుంది. విటమిన్ సి లోపంతో వచ్చే స్కర్వీ జబ్బుతో పడిపోయిన నావికుల్లో నారింజ, నిమ్మ ఇచ్చిన ఇద్దరే త్వరగా లేచి తిరిగారని ఓడ వైద్యుడు జేమ్స్ లిండ్ చూపించారు. విటమిన్ సి లోపం ఉన్నవాళ్లకు అది మందే. లోపం లేనివాళ్లకు మంచి పానీయం, అంతే.

రోజూ తాగేవాళ్లు పళ్లు చూసుకోవాలి. నిమ్మరసం పీహెచ్ 2 నుంచి 3 మధ్య, పంటి ఎనామెల్ కరగడం మొదలయ్యేది 5.5 దగ్గర. గుటక గుటకగా గంటసేపు చప్పరించకుండా ఒకేసారి తాగేసి, మామూలు నీళ్లతో పుక్కిలించండి. వెంటనే బ్రష్ చేస్తే మెత్తబడిన ఎనామెల్ అరుగుతుంది. కనీసం అరగంట ఆగాలి.

"మిరియాలు వేసిన పసుపు పాలు ఏ ఇన్ఫెక్షన్నైనా తగ్గిస్తాయి"

పసుపులోని కర్‌క్యుమిన్ అనే పదార్థం ప్రయోగశాల గాజు గిన్నెలో సూక్ష్మజీవుల్ని చంపుతుంది. ఆ మాటకొస్తే గాజు గిన్నెలో ఉప్పు, వెనిగర్ కూడా చంపుతాయి. ఒంట్లో చేరాక ఎంత మిగులుతుందన్నదే ప్రశ్న. పసుపు పొడిలో కర్‌క్యుమిన్ బరువులో దాదాపు 3 శాతం. పాలలో వేసే అర టీస్పూనులో ఇది 50 మిల్లీగ్రాముల చుట్టుపక్కల ఉంటుంది. మోకాళ్ల నొప్పుల మీద జరిగిన పరీక్షల్లో వాడింది రోజుకు 500 నుంచి 1500 మిల్లీగ్రాముల సారం. పేగులు దీన్ని పీల్చుకునేది చాలా తక్కువ. పీల్చుకున్న కాస్తనూ కాలేయం వెంటనే మార్చేసి పంపించేస్తుంది.

మిరియాల చిట్కాకు మూలం 1998 నాటి ఒక చిన్న అధ్యయనం. రెండు గ్రాముల కర్‌క్యుమిన్‌తో, మిరియాలకు ఘాటునిచ్చే పైపరిన్ 20 మిల్లీగ్రాములు ఇస్తే రక్తంలోకి చేరే మొత్తం 20 రెట్లు పెరిగింది. అది నిజమే. కాకపోతే పైపరిన్ ఆ పని చేసేది మందుల్ని విరిచే కాలేయపు ఎంజైముల్ని మందగింపజేసి. అవి పసుపు ఒక్కదాని కోసం మందగించవు. మూర్ఛకు వాడే ఫెనిటోయిన్, ఆస్తమాకు వాడే థియోఫిలిన్, గుండెకు వాడే ప్రొప్రనొలాల్ రక్తంలో స్థాయి పెరగడం పరీక్షల్లో నమోదైంది. కూరలో వేసే చిటికెడు మిరియాల గురించి కంగారు అక్కర్లేదు. ఈ రెండింటినీ గాఢంగా కలిపి అమ్మే మాత్రలతోనే చిక్కు. వాటివల్ల కాలేయం దెబ్బతిన్న కేసులు వైద్య పత్రికల్లో ఉన్నాయి. ఆ మాత్రలు వాడుతుండగా కళ్లు పసుపుపచ్చగా మారినా, మూత్రం ముదురు రంగులో వచ్చినా మానేసి కాలేయ పరీక్ష చేయించుకోవాలి. పసుపులో రాళ్లు కట్టడానికి తోడ్పడే ఆక్సలేట్ ఎక్కువ కాబట్టి కిడ్నీ రాళ్లు వచ్చినవాళ్లు రోజూ స్పూన్ల లెక్కన తాగకపోవడం మంచిది.

గొంతు నొప్పిగా ఉన్నప్పుడు వెచ్చటి పసుపు పాలు హాయిగా ఉంటాయి. ఆ హాయి చాలావరకు వెచ్చదనానిది. తాగండి. జ్వరం మూడు రోజులు దాటినా పాలతోనే నెట్టుకురావడమే తప్పు.

"విరేచనాలకు ఉప్పు, పంచదార నీళ్లు, లేకపోతే కూల్‌డ్రింకు"

ఈ సందేశంలో ప్రాణం నిలబెట్టే వాక్యం ఇదే. ప్రాణం తీయగల వాక్యం కూడా ఇదే.

చిన్నపేగు గోడలో ఉప్పులోని సోడియాన్ని, పంచదారలోని గ్లూకోజ్‌ను జంటగా లోపలికి లాక్కునే వాహక ప్రొటీన్ ఒకటి ఉంది. వాటి వెంట నీరు వస్తుంది. విరేచనాలు అవుతున్నా ఈ దారి మూసుకుపోదు. 1971లో పశ్చిమ బెంగాల్‌లోని బొంగావ్ శరణార్థి శిబిరంలో కలరా విజృంభించి సెలైన్ బాటిళ్లు అయిపోతే డాక్టర్ దిలీప్ మహలనోబిస్ ఇలాంటి ద్రావణమే తాగించారు. 30 శాతం దాకా ఉన్న మరణాలు 4 శాతం లోపుకు దిగాయి. ఇలా నోటి ద్వారా తాగించే ద్రావణమే ఓఆర్‌ఎస్. దాని ఇప్పటి సూత్రం 2002 నాటిది. లీటరుకు ఉప్పు 2.6 గ్రాములు, గ్లూకోజ్ 13.5, పొటాషియం క్లోరైడ్ 1.5, సోడియం సిట్రేట్ 2.9. అన్నిటికన్నా ముందు వాడాల్సింది ఆ ప్యాకెట్టే. దాని మీద ఎన్ని నీళ్లు రాసి ఉంటే అన్ని నీళ్లలో, ప్యాకెట్ మొత్తం ఒకేసారి కలపాలి. గ్లాసుకు ఇంత అని పొడి పంచుకుంటే ప్రతి గ్లాసూ ఒక్కో గాఢతలో తయారవుతుంది.

ప్యాకెట్ దొరక్కపోతే కాచి చల్లార్చిన ఒక లీటరు నీళ్లలో పంచదార ఆరు టీస్పూన్లు, ఉప్పు అర టీస్పూను. రెండూ అంచుకు సమంగా గీసి కొలవాలి, గోపురంలా పోయకూడదు. తప్పు ఎక్కువగా జరిగేది చెంచాలోనే. టీస్పూను 5 మిల్లీలీటర్లు, టేబుల్‌స్పూను 15. పెద్ద చెంచాతో ఉప్పు కొలిస్తే మూడింతలైపోతుంది. రక్తంలో సోడియం పెరిగి పసిపిల్లలకు ఫిట్స్ రావొచ్చు. కలిపాక నాలుక మీద వేసుకుని చూడండి. కన్నీటి కన్నా ఉప్పగా ఉంటే పారబోసి మళ్లీ కలపండి. పంచదార ఎక్కువైనా నష్టమే. పేగులోకి నీటిని లాగి విరేచనాలు పెంచుతుంది. కూల్‌డ్రింకుతో జరిగేది అదే: లీటరుకు వంద గ్రాములకు పైగా పంచదార ఉంటుంది, సోడియం మాత్రం దాదాపు ఉండదు.

రెండేళ్లలోపు బిడ్డకు ప్రతి విరేచనం తర్వాత 50 నుంచి 100 మిల్లీలీటర్లు, పదేళ్లలోపు వాళ్లకు 100 నుంచి 200, పెద్దలకు దాహం కొద్దీ. కక్కేస్తే పది నిమిషాలు ఆగి చెంచాతో నెమ్మదిగా మళ్లీ మొదలుపెట్టాలి. 24 గంటలు దాటితే మిగిలింది పారబోయాలి. తల్లిపాలు, తిండి ఆపకూడదు. ఆరు నెలలు దాటిన పిల్లలకు డాక్టర్లు జింక్ రోజుకు 20 మిల్లీగ్రాములు, ఆ లోపు వాళ్లకు 10, పది నుంచి పద్నాలుగు రోజులు రాస్తారు. ఓఆర్‌ఎస్ విరేచనాన్ని ఆపదు, పోయిన నీటిని నింపుతుంది. ఇది తెలియక "పనిచేయలేదు" అని మానేసేవాళ్లు ఎందరో. మలంలో రక్తం, లోతుకు పోయిన కళ్లు, మగత, తాగించినదంతా కక్కేయడం, ఆరేడు గంటలుగా మూత్రం రాకపోవడం: వీటిలో ఏది కనిపించినా ఆసుపత్రికే.

"మంటకు చల్లటి పాలు, వాంతులకు అల్లం"

పాలు పావుగంట ఉపశమనమిస్తాయి. ఆ తర్వాత వాటిలోని ప్రొటీన్, కాల్షియం జీర్ణాశయాన్ని మళ్లీ ఆమ్లం ఊరేలా చేస్తాయి. పడుకునే ముందు గ్లాసు తాగి అర్ధరాత్రి మంటతో లేచేవాళ్లు ఈ ముక్క గుర్తుంచుకోవాలి. రాత్రి భోజనానికి, పడకకు మధ్య మూడు గంటల ఎడం పెట్టడం, తలవైపు మంచం కాళ్ల కింద 15 సెంటీమీటర్ల ఎత్తు పెట్టడం అంతకన్నా మేలు.

అల్లం మాత్రం ఈ జాబితాలో దాదాపు పూర్తిగా నిలబడుతుంది. గర్భిణుల వికారానికి రోజుకు ఒక గ్రాము అల్లం పొడిని మూడు నాలుగు భాగాలుగా ఇచ్చిన పరీక్షల్లో గుణం కనిపించింది. పచ్చిదైతే నీటి బరువు కలిసి ఐదు గ్రాముల చుట్టూ అవుతుంది. ఎక్కువైతే అదే ఛాతీలో మంట పెడుతుంది.

"బీపీకి పచ్చి వెల్లుల్లి, మాత్ర మానేయొచ్చు"

వెల్లుల్లి నలిపినప్పుడే అందులోని ఎంజైము పనిచేసి, దాని గుణానికి మూలమనుకునే అల్లిసిన్ అనే ఘాటు పదార్థం పుడుతుంది. నలిపి పది నిమిషాలు ఆగి వండితే కొంతైనా మిగులుతుంది. నలగ్గొట్టకుండా మింగిన రెబ్బలో పెద్దగా ఏమీ జరగదు. వెల్లుల్లి గుళికలు వారాల తరబడి వాడిన బీపీ రోగుల్లో అంకె కొన్ని పాయింట్లు తగ్గింది. అది మాత్రకు తోడయ్యేంత, మాత్రను తోసేసేంత కాదు. బీటా బ్లాకర్లు, క్లోనిడిన్ లాంటి బీపీ మందులు ఉన్నట్టుండి ఆపితే బీపీ ఒక్కసారిగా ఎగబాకుతుంది, గుండెపోటు కూడా రావొచ్చు. తిండితోనే బీపీ తగ్గించాలనుకుంటే ఉప్పును అన్నిటిలోనూ కలిపి రోజుకు 5 గ్రాముల లోపుకు తేవడం, పండ్లు, కూరగాయలు, కొవ్వు తీసిన పాలు పెంచడం గట్టి దారి. 1997 నాటి డ్యాష్ అనే ఆహార పరీక్షలో పండ్లు, కూరగాయలు, కొవ్వు తీసిన పాలు ఎక్కువగా ఉన్న భోజనంతో బీపీ ఉన్నవాళ్లలో పై అంకె 11 దాకా తగ్గింది. అప్పుడు కూడా మాత్ర తగ్గించాల్సింది డాక్టరే, అంకెలు చూసి.

వెల్లుల్లి రెబ్బల్ని నూనెలో వేసి గట్టు మీద నిల్వ పెట్టుకోమనే చిట్కా కూడా దీనికి తోకలా వస్తుంది. గాలి లేని, పులుపు లేని ఆ నూనెలో తేనె దగ్గర చెప్పుకున్న బ్యాక్టీరియానే పెరుగుతుంది. 1985లో వాంకూవర్‌లోని ఒక రెస్టారెంటులో ఇలాంటి సీసా వల్ల 36 మందికి బాట్యులిజం వచ్చింది. వాసనా, రుచీ మారవు కాబట్టి తెలుసుకునే దారి లేదు. ఫ్రిజ్‌లోనే పెట్టి నాలుగు రోజుల్లో వాడేయాలి. రక్తం పలచబరిచే మందులు వాడేవాళ్లు, ఆపరేషన్ తేదీ దగ్గరపడినవాళ్లు పచ్చి వెల్లుల్లి గానీ గుళికలు గానీ రోజూ తీసుకుంటున్నామని డాక్టర్‌కు ముందే చెప్పాలి. ఆపరేషన్‌కు కనీసం వారం ముందు ఆపేయమంటారు.