కారు రేటు పడిపోతుంది, ఇంజిన్ బిల్లు మాత్రం తగ్గదు

మెర్సిడెస్ 2017లో ఏఎంజీ వన్ అనే హైబ్రిడ్ (పెట్రోల్ ఇంజిన్‌తో పాటు ఎలక్ట్రిక్ మోటార్ కూడా ఉన్న) స్పోర్ట్స్ కారును చూపించింది. ధర 20 లక్షల యూరోలకు పైనే. ఇంజిన్‌ను 50 వేల కిలోమీటర్లకు విప్పి ఓవర్‌హాల్ చేయించాల్సి ఉంటుందని అప్పుడే చెప్పారు. మన దగ్గర ట్యాక్సీగా తిరిగే ఇన్నోవా రెండు లక్షలు దాటినా ఇంజిన్ బోరుకు రాదు. ఏఎంజీ వన్‌లో ఉన్నదేమో ఫార్ములా వన్ రేసు కారు నుంచి తెచ్చిన 1.6 లీటర్ల వీ6, అంటే ఆరు సిలిండర్ల ఇంజిన్. నిమిషానికి 11 వేల చుట్లు తిరుగుతుంది. అలాంటి ఇంజిన్ త్వరగా అరుగుతుందంటే అర్థం చేసుకోవచ్చు. నా అభ్యంతరమల్లా దాన్ని విప్పే అవకాశం తయారీదారు చేతిలోనే ఉండిపోవడం మీద.

హైబ్రిడ్‌లో ఇంజిన్ మీద చెయ్యి వేయకముందే ఖర్చు మొదలవుతుంది. హై వోల్టేజ్ లైన్ కట్ చేయాలి, కరెంటు నిల్వ ఉంచే కెపాసిటర్లలో మిగిలిన చార్జ్ దిగేదాకా ఆగాలి, ఆ పనిలో శిక్షణ ఉన్న టెక్నీషియన్ కావాలి. ఫెరారీ 296 జీటీబీలో ఎలక్ట్రిక్ మోటార్ ఇంజిన్‌కూ గేర్‌బాక్స్‌కూ మధ్యన ఉంటుంది. ఇలాంటి అమరికలో లోపల ఒక ఆయిల్ సీల్ కారినా ఇంజిన్, మోటార్, గేర్‌బాక్స్ అన్నీ కిందికి దింపాల్సి రావచ్చు. సీల్ ధర కంటే కూలీ ఎన్నో రెట్లు అయ్యేది అందుకే. తిరిగి బిగించాక కూడా కంపెనీ సాఫ్ట్‌వేర్ తగిలించి సరిచూస్తే గాని బండి కదలదు.

విడిభాగాల సంగతి ఇంకా కష్టం. హైబ్రిడ్ స్పోర్ట్స్ కార్లలో మెక్‌లారెన్ పీ1లు 375, పోర్షె 918 స్పైడర్లు 918 మాత్రమే తయారయ్యాయి. ఇంత కొద్ది బండ్ల కోసం బయటి కంపెనీ ఏది పిస్టన్లు చేసి అమ్ముతుంది? బీఎండబ్ల్యూ ఐ8 ఈ విషయంలో కొంత నయం. దాని 1.5 లీటర్ల మూడు సిలిండర్ల ఇంజిన్ మినీ బ్రాండ్ కార్లలో వాడే ఇంజిన్ల కుటుంబానిదే. ఆ ఇంజిన్లు తెలిసిన మెకానిక్కులు ఎందరో ఉంటారు.

దెబ్బ తగిలేది ఎక్కువగా సెకండ్ హ్యాండ్‌లో కొన్నవాళ్లకే. కారు రేటు సగానికి పడినా ఇంజిన్ బిల్లు కొత్త కారు లెక్కలోనే వస్తుంది. మామూలు మోటార్ పాలసీ యాక్సిడెంట్‌కు డబ్బిస్తుంది గానీ, దానంతట అది పాడైన ఇంజిన్‌కు ఇవ్వదు. వారంటీ అయిపోయిన హైబ్రిడ్ స్పోర్ట్స్ కారును చవగ్గా వస్తోందని కొనడం నా దృష్టిలో పెద్ద రిస్కు.

డబ్బున్నవాళ్ల గొడవ మనకెందుకని వదిలేయలేం. ఇన్నోవా హైక్రాస్, గ్రాండ్ విటారా హైబ్రిడ్లు ఇప్పటికే మన రోడ్ల మీద ఉన్నాయి. స్పేర్ పార్టులు, రిపేర్ సమాచారం బయటి గ్యారేజీలకు అందనివ్వడం లేదని మార్కెట్లో పోటీ సక్రమంగా సాగేలా చూసే కాంపిటీషన్ కమిషన్ 2014లోనే 14 కార్ల కంపెనీలకు రూ.2,544 కోట్లకు పైగా జరిమానా వేసింది. మెర్సిడెస్, బీఎండబ్ల్యూలతో పాటు మారుతి, టాటా కూడా ఆ జాబితాలో ఉన్నాయి. వ్యవహారం ఆ తర్వాత కోర్టులకెక్కింది. హైబ్రిడ్ల విషయంలో అన్నేళ్లు ఆగనక్కర్లేదు. శిక్షణ పొందిన ఏ గ్యారేజీకైనా సర్వీస్ మాన్యువల్, లోపాలు పట్టే డయాగ్నస్టిక్ సాఫ్ట్‌వేర్ సరసమైన ధరకు అమ్మాలని కేంద్రం ఇప్పుడే నిబంధన పెట్టాలి.