పప్పుదినుసులతో సహా

మన ప్రభుత్వాలకి దయ లేదనే వాళ్లెవరూ 1995 నాటి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక నియమాలు తెరిచి చూసి ఉండరు. కులం పేరుతో మనిషిని చంపేస్తే ఆ కుటుంబానికి ఏమేం ఇవ్వాలో అందులో జాబితా ఉంది. డబ్బు, పింఛను, ఉద్యోగం, భూమి, పిల్లల చదువు సరే, వాటి కింద ఇంకో వరస కూడా రాశారు: మూడు నెలల పాటు గిన్నెలు, బియ్యం, గోధుమలు, పప్పుదినుసులు వగైరా. గుంటూరు జిల్లావాళ్లు గోధుమలేం చేసుకుంటారని అడక్కండి, ఢిల్లీలో రాసిన నియమాలు. చింతపండు, ఎండుమిరపకాయలు వగైరాలో వస్తాయి. మూడు నెలలయ్యాక గిన్నెలు వెనక్కి ఇచ్చేయాలా అన్నది మాత్రం రాయలేదు.

ఇంత ముందుచూపు ఉన్న ప్రభుత్వం డబ్బంతా ఒకేసారి చేతిలో పోస్తుందా? హత్యకి 2016లో 8,25,000 రూపాయలు ఖరారు చేశారు. పోస్టుమార్టం అయ్యాక సగం, చార్జిషీటు కోర్టుకి వెళ్లాక సగం. కులం పేరుతో తిట్టినందుకు లక్ష. ఎఫ్ఐఆర్ అయితే పావు వంతు, చార్జిషీటుకి సగం, మిగతా పావు శిక్ష పడ్డాక. ఆ చివరి పావు వంతు ఖజానాలో చాలా భద్రంగా ఉంటుంది.

ముందు ఎఫ్ఐఆర్ కావాలి కదా అంటారు. దానికీ ఏర్పాటు ఉంది. 2018 మార్చిలో సుప్రీంకోర్టు, ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింద కేసు కట్టేముందు ప్రాథమిక విచారణ చేసుకోవచ్చంటే, ఏప్రిల్ 2న దేశమంతా బంద్ జరిగింది. పార్లమెంటు ఆగస్టులో చట్టం సవరించి ఆ విచారణ అక్కర్లేదని తేల్చేసింది. అందుకే ఇప్పుడు స్టేషన్లో విచారణ జరగదు, హితబోధ జరుగుతుంది. “ఒకే ఊళ్లో కలిసి బతకాల్సినవాళ్లు, కోర్టుల చుట్టూ ఎక్కడ తిరుగుతారయ్యా” అని ఎస్సైగారు కుర్చీ చూపించి మరీ చెబుతారు. వినకపోతే అవతలివాళ్ల కౌంటర్ కేసు రాసిపెట్టి రెడీగా ఉంటుంది. కావాలని విధి మరిచిన అధికారికి 6 నెలల నుంచి ఏడాది దాకా జైలని అదే చట్టంలో ఉంది. ఎస్సైగారు విధి మరిచింది ఎక్కడ? సాయంత్రం దాకా కూర్చోబెట్టి నచ్చజెప్పారు.

కేసు కట్టారనుకుందాం. ఇక కుల ధ్రువీకరణ పత్రం. నెత్తిన కట్టుతో ఒకాయన మండల ఆఫీసు వరండాలో నిలబడి ఉంటాడు.

“పాత సర్టిఫికెట్టు ఉందా?”

“ఉందండి. పదో తరగతిలో ఇచ్చారు.”

“అది పనికిరాదయ్యా. కొత్తది పెట్టుకో. విచారణ చేసి ఇస్తాం.”

కొట్టినవాళ్లు ఏ విచారణా లేకుండానే, చీకట్లో, దూరం నుంచే ఆయన కులం గుర్తుపట్టారు. పగటిపూట, ట్యూబ్‌లైటు కింద, కళ్లజోడు పెట్టుకుని కూడా తహసీల్దారుగారికి వారాలు పడుతుంది. నిందితుడి కులం కూడా తేలాలి, లేకపోతే చార్జిషీటు కదలదు. ఆయన బుల్లెట్ బండి నంబరు ప్లేటు మీద నంబరు కన్నా పెద్ద అక్షరాల్లో కులం రాసే ఉంటుంది. ఏం లాభం, దాని మీద తహసీల్దారు సంతకం లేదు. దర్యాప్తు 60 రోజుల్లో పూర్తవ్వాలన్న నియమం ఈ పత్రం గురించి తెలియని అమాయకుడెవరో రాసి ఉంటాడు.

నివారణ కూడా జరుగుతోందండోయ్. నెలాఖరులో ఏదో ఒక ఊళ్లో పౌర హక్కుల దినం జరుపుతారు. షామియానా, ఫ్లెక్సీ, మైకు, ఆఖర్న సహపంక్తి భోజనం. తహసీల్దారు, ఎస్సై, సర్పంచి ఒకే వరసలో కూర్చుని తింటుండగా ఫొటో తీసి వాట్సాప్ గ్రూపులో పెడితే ఆ ఊళ్లో అంటరానితనం ఆ నెలకి ముగిసినట్టే. దళితులకి వేరే గ్లాసు పెట్టే రెండు గ్లాసుల పద్ధతి పోయిందా అని అధికారులు హోటల్లో ఆరా తీస్తారు. పోయింది. అందరికీ పేపర్ కప్పులే. చట్టాలకి లొంగనిది కప్పులు తయారుచేసేవాడికి లొంగింది. ఏ రిపబ్లిక్ డే నాడైనా అతనికో ప్రశంసాపత్రం ఇవ్వాలి.

ఈ చట్టం వెనక 1985లో కారంచేడులో జరిగిన దళితుల ఊచకోత ఉంది. చట్టం 1989లో వచ్చింది. 1991 ఆగస్టు 6న చుండూరులో, పోలీసులు ఊళ్లో ఉండగానే, 8 మంది దళితుల్ని చంపి గోనె సంచుల్లో కుక్కి కాలువలో పడేశారు. సినిమా హాల్లో దళిత యువకుడి కాలు పైకులం అతనికి తగిలిందన్నది మొదటి గొడవ. బాధితులు పోరాడి ఊళ్లోనే ప్రత్యేక కోర్టు పెట్టించుకున్నారు. 16 ఏళ్లకి, 2007లో, 21 మందికి యావజ్జీవం, 35 మందికి ఏడాది జైలు పడ్డాయి. 2014లో హైకోర్టు అందరినీ వదిలేసింది. సంగతి సుప్రీంకోర్టుకెక్కింది. ఎనిమిది మంది చనిపోయారన్న దాంట్లో మాత్రం ఏ కోర్టుకీ అనుమానం రాలేదు.

అన్నేళ్లు సాక్షులు కోర్టుకి తిరగడానికి రాకపోకల చార్జీలు, పోయిన కూలీ, భోజనం ఖర్చు ఇవ్వాలని నియమాల్లో ఉంది. అదీ మూడు రోజుల్లో. ఏ మూడు రోజులో ఆఫీసులో అడిగి చూడండి, మళ్లీ రమ్మంటారు. అలా వెళ్లిన చార్జీలు ఏ పద్దు కింద ఇవ్వాలో చెప్పేవాడు ఉండడు.

ఇదంతా సవ్యంగా నడుస్తోందో లేదో చూడ్డానికి జిల్లాలో కలెక్టరు కమిటీ మూడు నెలలకోసారి, రాష్ట్రంలో ముఖ్యమంత్రి కమిటీ జనవరిలో, జూలైలో కూర్చోవాలి. ఇక్కడ మాత్రం నేను ముఖ్యమంత్రుల పక్షమే, పార్టీ ఏదైనా సరే. జనవరి అంటే సంక్రాంతి, ఊళ్లకి పోయినవాళ్లు తిరిగొచ్చేసరికి నెల అయిపోతుంది. జూలై అంటే ఆషాఢం, ఆ నెలలో మంచి పని ఎవరు మొదలుపెడతారు? శ్రావణానికి జరుపుకుందామంటే నియమం సవరించాలి. సవరించాలంటే కేంద్రానికి రాయాలి. రాయాలంటే ముందు కమిటీ కూర్చోవాలి.