సంభాషణ రాయించడం ఆపి, మాట్లాడనివ్వండి

పదో తరగతి ఇంగ్లీష్ పరీక్షలో ఏళ్లుగా వస్తున్న ప్రశ్న ఒకటుంది. పాఠంలోని ఇద్దరు మనుషుల మధ్య ఏం సంభాషణ జరిగి ఉంటుందో రాయమంటారు. పిల్లలు రాస్తారు. ‘గుడ్ మార్నింగ్, హౌ ఆర్ యూ?’ అని మొదలుపెట్టి, ‘ఓకే, బై’ అని ముగించి, మధ్యలో గైడులో చూసి బట్టీ పట్టిన నాలుగు వాక్యాలు దించితే మార్కులు పడతాయి. ఇద్దరి మాటలూ ఒక్కరే రాస్తారు. నోరు మెదపాల్సిన పని లేదు. ఎదుటి మనిషి ఏమంటాడో వినాల్సిన పని అసలే లేదు. పదేళ్లు ఇంగ్లీష్ చదివిన పిల్లలకు మనం పెట్టే సంభాషణ పరీక్ష ఇదీ.

ఆ పిల్లలే రేపు ఇంటర్వ్యూలో బిగుసుకుపోతే ‘బేసిక్స్ లేవు’ అంటాం. ఊళ్లో వాళ్లు ‘సర్కారు బడి చదువు’ అంటారు. స్పోకెన్ ఇంగ్లీష్ సెంటర్ల వాళ్లు ఫీజు ఎంతో చెబుతారు. అసలు సంగతి ఎవరూ అనరు. బడిలో ఉన్నన్నాళ్లూ ఆ పిల్లలకు ఇంగ్లీష్‌లో ఎవరినైనా ఏదైనా అడగాల్సిన అవసరమే రాలేదు. అవసరం లేని చోట మాట ఎలా వస్తుంది?

మా దగ్గర మాట్లాడే యాక్టివిటీలు లేవనుకుంటున్నారా అని టీచర్లు నొచ్చుకోవచ్చు. ఉన్నాయి. సెల్ఫ్ ఇంట్రడక్షన్ ఉంది. పుస్తకంలో ఉన్న డైలాగును ఇద్దరు పిల్లలు నిలబడి అప్పజెప్పే రోల్ ప్లే ఉంది. ఇంజనీరింగ్‌కు వెళ్తే ల్యాబ్ పేరుతో ఒక నిమిషం ఆగకుండా మాట్లాడే ‘జామ్’ ఉంది. తెలంగాణలో 2023-24 నుంచి ఇంటర్‌లో ఇంగ్లీష్‌కు 20 మార్కుల ప్రాక్టికల్స్ కూడా పెట్టారు. మంచి అడుగే, కాదనను. కానీ ‘మై నేమ్ ఈజ్... మై ఫాదర్ ఈజ్ ఎ ఫార్మర్... మై హాబీ ఈజ్ ప్లేయింగ్ క్రికెట్’ అని అరవై మంది వరసగా చెబుతుంటే ఎవరు వింటున్నారు? ఆరో తరగతి నుంచి ఒకే బెంచీ మీద కూర్చున్న స్నేహితుడికి వాడి నాన్న రైతు అని తెలీదా? తెలిసిన సంగతిని తెలిసినవాళ్లకే చెప్పించడాన్ని అప్పజెప్పడం అంటాం. ఎక్కాలు అప్పజెప్పినట్టే ఇదీ.

మాట పుట్టాలంటే ఇద్దరి మధ్య ఒక ఖాళీ ఉండాలి. నీకు తెలిసింది నాకు తెలియకపోవాలి, అది తెలుసుకోకపోతే నా పని ఆగిపోవాలి. కొత్త సినిమా మొదటి రోజు చూసొచ్చినవాణ్ని చూడనివాళ్లు ఎలా చుట్టుముడతారో గుర్తు తెచ్చుకోండి. ‘ఇంటర్వెల్ దగ్గర ఏమవుద్దిరా?’ అని ఒకడు, ‘ముందు హీరోయిన్ ఎవరో చెప్పు’ అని ఇంకొకడు. క్లాసులో నోరు విప్పని పిల్లాడు కూడా అక్కడ ముప్పావుగంట చెబుతాడు. మధ్యలో ఆపితే వెనక్కి వెళ్లి మళ్లీ చెబుతాడు, చేతులు ఊపుతాడు, మాట దొరక్కపోతే ఇంకో మాట వెతుక్కుంటాడు. సంభాషణ అంటే అదీ. ఇంగ్లీష్ క్లాసులోకి తేవాల్సింది ఈ ఖాళీనే. పుస్తకంలోని డైలాగుల్లో అది ఉండదు, ఎందుకంటే ఇద్దరి చేతుల్లోనూ ఒకే పుస్తకం ఉంటుంది.

కొన్నేళ్ల కింద ఖమ్మం జిల్లాలో ఒక సర్కారు బడిలో ఎనిమిదో తరగతి క్లాసు చూశాను. టీచరమ్మ పాత గోడ క్యాలెండర్ కాగితాలను చింపి, వెనక వైపున బస్సుల టైమింగులు రాసి తెచ్చారు. ఖమ్మం బస్టాండ్ నుంచి కొత్తగూడెం, సత్తుపల్లి, మధిర, ఇల్లెందు వెళ్లే బస్సులు. ఒక కాగితంలో సగం టైమింగులు ఉంటే, మిగతా సగం రెండో కాగితంలో ఉన్నాయి. పిల్లల్ని ఇద్దరిద్దరుగా వీపుకు వీపు ఆనించి కూర్చోబెట్టారు. ఒకరి కాగితం ఒకరికి కనపడకూడదు. బోర్డు మీద మూడే ముక్కలు రాశారు. ఒకటి బస్సు టైమ్ అడిగే వాక్యం. రెండోది ‘సే ఇట్ అగైన్’. మూడోది ‘స్లోలీ, ప్లీజ్’.

మొదటి రెండు నిమిషాలు తెలుగే నడిచింది. ‘ఏమే, నీ దాంట్లో సత్తుపల్లి ఎంతకుంది?’ అంటూ. టీచరమ్మ కసరలేదు. బోర్డు వైపు వేలు చూపించి ముందుకు వెళ్లిపోయారు. నా పక్క బెంచీ మీద ఇద్దరు అమ్మాయిలు. ఒకమ్మాయి ‘సత్తుపల్లి, సిక్స్ ఫిఫ్టీన్’ అంది. రెండో అమ్మాయి 6:50 అని రాసుకుని, ‘నెక్స్ట్?’ అంది. కానీ తన కాగితంలో అప్పటికే 6:50కి కొత్తగూడెం బస్సు ఉంది. రెండూ ఒకే టైమా అని అనుమానం వచ్చింది. ‘ఫిఫ్టీ?’ అని అడిగింది. ‘ఫిఫ్టీన్’ అని జవాబు. ‘ఫిఫ్టీ?’ మళ్లీ. ‘నో! ఫిఫ్‌టీన్! వన్ ఫైవ్! వన్ ఫైవ్!’ అని ఆ పిల్ల వెనక్కి తిరక్కుండానే అరిచింది. రెండో అమ్మాయి 50 కొట్టేసి 15 వేసుకుంది. పెదాలు కదుపుతూ రెండుసార్లు ‘ఫిఫ్‌టీన్, ఫిఫ్‌టీన్’ అనుకుంది.

నేను ఆ రోజు ఆ బడి నుంచి వచ్చేస్తూ దారంతా ఆ ‘వన్ ఫైవ్’ గురించే ఆలోచించాను. ఏ గైడులోనూ లేని వాక్యం అది. మాట అవతలికి చేరలేదని తెలియగానే, తనకొచ్చిన ఇంగ్లీష్‌లోంచి ఇంకో దారి తీసింది ఆ పిల్ల. నత్తిగా వచ్చిందా, గ్రామర్ ఉందా అని ఆగలేదు, ఎందుకంటే బస్సు టైమ్ చెప్పాలి. ఇక ఫిఫ్టీకీ ఫిఫ్టీన్‌కూ తేడా ఆ రెండో అమ్మాయి మర్చిపోదు. ఆ తేడాను బోర్డు మీద రాసి వందసార్లు పలికించినా అంత గట్టిగా నాటుకోదని నా నమ్మకం. ఆట అయ్యాక టీచరమ్మ తాను తిరుగుతూ విన్న తప్పుల్లో ఓ నాలుగు, ఎవరి పేరూ చెప్పకుండా బోర్డు మీద వేసి సరిదిద్దారు. మొత్తం పావుగంట.

ఇది విదేశాల నుంచి దిగిన ఫ్యాషన్ అని కొట్టిపారేయడానికి వీల్లేదు. ఈ దారి ప్రపంచానికి చూపించినవాళ్లలో ముందు వరసలో ఉన్నది మన పక్క రాష్ట్రాలే. మద్రాసులో బ్రిటిష్ కౌన్సిల్‌లో పనిచేసిన ఎన్.ఎస్. ప్రభు, 1979 నుంచి 1984 దాకా దక్షిణాది మామూలు బడుల్లో ఒక ప్రయోగం నడిపారు. బెంగళూరు ప్రాజెక్టుగా దానికి పేరు. గ్రామర్ పాఠాలు పక్కన పెట్టి, పిల్లలకు రైళ్ల టైమ్ టేబుల్, మ్యాప్, క్యాలెండర్ లాంటివి ఇచ్చి లెక్క తేల్చమన్నారు. దృష్టి పని మీద ఉంటే భాష దానంతట అదే పడుతుందన్నది ఆయన వాదం. క్లాసులో కనీసం సగం మంది, ఇచ్చిన పనిలో కనీసం సగం సరిగ్గా చేయగలిగితే ఆ పని తగిన స్థాయిలో ఉన్నట్టు లెక్క అన్నారు. ప్రపంచంలో చాలా చోట్ల ఇంగ్లీష్ టీచర్లకు ఇచ్చే శిక్షణలో ఇవాళ్టికీ ఆ ప్రాజెక్టు ప్రస్తావన వస్తుంది. మన టీచర్ల శిక్షణల్లో ఎంతమంది ఆ పేరు విన్నారు? ఒక్క విషయంలో మాత్రం ప్రభుతో నాకు పేచీ ఉంది. పిల్లల్ని పిల్లలతో మాట్లాడిస్తే ఒకరి తప్పులు ఒకరికి అంటుకుంటాయని ఆయన జంటల పనికి మొగ్గలేదు. టీచరే అందరితో మాట్లాడాలన్నారు. అరవై మంది ఉన్న క్లాసులో టీచర్ ఒక్కొక్కరితో మాట్లాడితే పీరియడ్‌లో పిల్లవాడి వంతుకు నిమిషం కూడా రాదు. తప్పుల ఇంగ్లీష్ అంటుకుంటుందన్న భయం కన్నా అసలు ఇంగ్లీషే అంటదన్న భయం నాకు ఎక్కువ.

టీచర్ల వైపు నుంచి వచ్చే అభ్యంతరాలు నాకు తెలుసు. సిలబస్ పూర్తి కాదు. పక్క క్లాసుకు డిస్టర్బెన్స్. హెడ్‌మాస్టర్ వచ్చి ‘ఏమిటీ గోల’ అంటారు. మాకే ఇంగ్లీష్‌లో ధారాళంగా మాట్లాడటం రాదు, పిల్లలు ఏదైనా అడిగితే టెన్షన్ అని నిజాయితీగా చెప్పే టీచర్లూ ఉన్నారు. వీటిలో అబద్ధం ఒక్కటీ లేదు. కానీ పైన చెప్పిన క్లాసులో టీచరమ్మ ఇంగ్లీష్‌లో మాట్లాడింది పది వాక్యాలకు మించదు. ఆ పద్ధతికి ఉపన్యాసం ఇచ్చే టీచర్ అక్కర్లేదు, కాగితాలు రాసుకొచ్చే ఓపిక ఉన్న టీచర్ చాలు. గోల సంగతంటారా, ముప్పై జంటలు ఒకేసారి మాట్లాడితే గోల ఉండక ఏముంటుంది? వంట జరిగే ఇంట్లో పొగ రాకూడదంటే ఎలా?

ఈ పదిహేను నిమిషాల గురించి ఆలోచించాల్సిన కాలమంతా మనం మీడియం గొడవలో ఖర్చు చేశాం. ఆంధ్రప్రదేశ్‌లో సర్కారు బడుల్ని ఇంగ్లీష్ మీడియంలోకి మారుస్తూ 2019లో జీవో వచ్చింది, 2020 ఏప్రిల్‌లో హైకోర్టు కొట్టేసింది. తెలంగాణలో 2022-23 నుంచి ఎనిమిదో తరగతి దాకా ఇంగ్లీష్ మీడియం అన్నారు. ఎవరు ఏ వైపు నిలబడ్డారో మీకందరికీ తెలుసు, ఆ చరిత్ర మళ్లీ తవ్వను. ఇరు పక్షాలూ ఒకటే అనుకున్నాయి, పుస్తకం ఇంగ్లీష్‌లోకి మారితే నోరు కూడా మారుతుందని. కెనడా అనుభవం అందుకు ఎదురుగా ఉంది. అక్కడ 1965లో మాంట్రియల్ దగ్గర సెయింట్ లాంబర్ట్‌లో ఇంగ్లీష్ ఇళ్ల పిల్లలకు చిన్నప్పటి నుంచి ఫ్రెంచ్‌లోనే పాఠాలు చెప్పడం మొదలుపెట్టారు. పాఠం చెప్పే టీచర్లకు ఫ్రెంచ్ కొట్టినపిండి. ఏళ్లు గడిచాక ఇలాంటి బడుల్లో చదివిన పిల్లలు ఫ్రెంచ్ బ్రహ్మాండంగా అర్థం చేసుకున్నారు. మాట్లాడటంలో, రాయడంలో మాత్రం వెనకబడ్డారు. మెరిల్ స్వెయిన్ అనే పరిశోధకురాలు 1985లో దీని కారణం విప్పారు. ఆ పిల్లలు విన్నది చాలా, నోరు తెరవాల్సిన అగత్యం వచ్చింది తక్కువ. అంత ఫ్రెంచ్ చెవిన పడిన చోటే అలా ఉంటే, సైన్సు పాఠం ఇంగ్లీష్‌లో చదివి తెలుగులో వివరించే మన క్లాసుల్లో మీడియం మారిందని మాట వస్తుందా?

ఇంకో అడుగు వెనక్కి వేస్తే నాకు కనిపించేది ఇంగ్లీష్ సమస్యే కాదు. మన పిల్లలు క్లాసులో తెలుగులో మాత్రం ఏం మాట్లాడుతున్నారు? టీచర్ ప్రశ్న అడుగుతారు, జవాబు టీచర్‌కు ముందే తెలుసు. పిల్లవాడి పని ఆ జవాబుకు తన జవాబు అతుకుతుందో లేదో చూసుకోవడం. అమెరికాలో మేరీ బడ్ రో అనే ఆవిడ 1970లలో క్లాసుల్ని రికార్డు చేసి చూస్తే, ప్రశ్న వేశాక టీచర్లు ఆగేది సగటున ఒక్క సెకను. దాన్ని మూడు సెకన్లు చేయిస్తే పిల్లల జవాబులు పొడుగయ్యాయి, మాట్లాడనివాళ్లు మాట్లాడారు, పిల్లలు తిరిగి ప్రశ్నలు వేయడం మొదలుపెట్టారు. రెండంటే రెండు సెకన్ల తేడా. మన దగ్గర ఆ రెండు సెకన్లలో ‘నువ్వు కూర్చో, నువ్వు లే’ అయిపోతుంది.

ఇంట్లో ‘ఎదురు చెప్పకు’. బడిలో ‘చెప్పింది విను’. ఇలా పెరిగిన మనిషి పెద్దయ్యాక ఏం చేస్తాడో ఏ ఆసుపత్రి ఓపీలోనైనా చూడొచ్చు. డాక్టర్ గబగబా నాలుగు ముక్కలు చెబుతారు. పెద్దాయన తలూపి చీటీ పట్టుకుని బయటికొచ్చి, మందుల షాపు కుర్రాణ్ని అడుగుతాడు, ‘ఇది పొద్దున్నా, రాత్రా?’ అని. లోపల డాక్టర్ తెలుగులోనే చెప్పారు. ‘మళ్లీ చెప్పండి సార్’ అనడానికి ఆయనకు నోరు రాలేదు. మండల ఆఫీసులోనూ అంతే, బ్యాంకులోనూ అంతే. అర్థం కాలేదని చెప్పడం తప్పని మనం నేర్పాం. ఆ టీచరమ్మ బోర్డు మీద రాసిన ‘సే ఇట్ అగైన్’ను నేను ఇంగ్లీష్ పాఠంగా మాత్రమే చూడలేకపోతున్నది అందుకే. అర్థం కానప్పుడు ఆపి అడిగే హక్కును ఆవిడ పదమూడేళ్ల పిల్లల చేతికి ఇచ్చారు. ఇంగ్లీష్ అందరికీ కొత్తే కాబట్టి ఆ క్లాసులో అడగడం నామోషీ కాదు. తెలుగులో సిగ్గుపడే పిల్ల కూడా ఇక్కడ అడుగుతుంది, అడగకపోతే కాగితం నిండదు. ఆ అలవాటు మెల్లగా తెలుగులోకి కూడా వస్తుందని నా ఆశ. దీన్ని ఉద్యోగాల కోసం పెట్టే స్పోకెన్ ఇంగ్లీష్ కోర్సు కింద కట్టేయకండి. పౌరశాస్త్రం పుస్తకం చెప్పలేకపోయిన పాఠం ఇందులో ఉంది.

విద్యాశాఖలను నేను కోరేవి రెండు. ఒకటి, పదో తరగతి పేపర్‌లో సంభాషణ రాయించే ప్రశ్న తీసేసి, ఆ మార్కుల్ని బడిలోనే ఇద్దరిద్దరు పిల్లలకు వేర్వేరు కాగితాలిచ్చి ఐదు నిమిషాలు మాట్లాడించే పరీక్షకు మార్చండి. ఇద్దరూ కలిసి పని పూర్తి చేశారా లేదా అన్నదే చూడండి, గ్రామర్‌కు మార్కులు కోయకండి. మార్కులు లేని పని మన బడుల్లో జరగదు, ఈ సంగతి అందరికీ తెలిసిందే. రెండు, వారానికి ఒక్క ఇంగ్లీష్ పీరియడ్‌ను పిల్లల మాటలకే వదలాలని టైమ్ టేబుల్‌లో రాయండి. అప్పుడు తనిఖీకి వచ్చిన అధికారి గోల వినగానే టీచర్‌ను సంజాయిషీ అడగరు.

టీచర్లు మాత్రం జీవో కోసం ఆగాల్సిన పని లేదు. బడులు జూన్‌లో తెరుస్తారు. మీ ఊరి బస్సుల టైమింగులు, సంతలో కూరగాయల ధరలు, ఒకే బొమ్మ రెండు రకాలుగా గీసి తేడాలు కనుక్కోమనడం, ఒకడు మనసులో అనుకున్న వస్తువును మిగతావాళ్లు ఇరవై ప్రశ్నల్లో పట్టుకోవడం. పది వారాలకు సరిపడా కాగితాలు రెండు మధ్యాహ్నాల్లో తయారవుతాయి. నిరుటి క్యాలెండర్ ఇంకా గోడకే ఉంటే దించండి. దాని వెనక తెల్లగానే ఉంటుంది.